బోస్టన్‌లోని స్కాట్స్ చారిటబుల్ సొసైటీని స్థాపించింది ఖైదీలా, వర్తకులా?

మీరు అడిగినది ఇది: బోస్టన్‌లో 1657లో మొదలైన స్కాట్స్ చారిటబుల్ సొసైటీని ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ పట్టుకున్న స్కాట్లాండ్ యుద్ధఖైదీలు పెట్టారని ఒకచోట, స్థితిమంతులైన స్కాట్లాండ్ వర్తకులు పెట్టారని మరొకచోట చదివారు. ఇందులో ఏది నిజం, అమెరికాలోకెల్లా పాత ధర్మసంస్థ ఇదేనన్న మాట నిలుస్తుందా అని మీ సందేహం. మీ ఊరి తెలుగు సంఘం సహాయనిధి సంచికలో వలసదారుల పాత సంఘాల గురించి ఒక పుట రాయవలసి ఉన్నందున తప్పు రాయకూడదన్నది మీ జాగ్రత్త. నేను మాసచూసెట్స్‌లో చాలా ఏళ్లుగా పాత పత్రాలకు జాబితాలు కట్టే ఉద్యోగంలో ఉన్నాను. ఈ సొసైటీ ఊసు తరచూ నా బల్ల మీదికి వస్తుంది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా సూటి జవాబు. ఖైదీల రాకకూ ఈ సంఘం పుట్టుకకూ సంబంధం ఉన్నదని నమ్మడానికి బలమైన కారణాలు ఉన్నాయి. కానీ "ఖైదీలే స్థాపించారు" అని పేరుపేరునా రుజువు చేయడం కష్టం. ధనిక వర్తకుల కథ 1657కు సరిపోదు. అది 1684లో సంఘాన్ని తిరిగి నిలబెట్టిన తరువాతి కాలానికి చెందినది. రెండు వర్ణనలూ ఒకే సంఘం గురించే అయినా అవి రెండు వేర్వేరు తరాల గురించి చెబుతున్నాయి. ఇక "అతి పాతది" అన్న మాట స్కాట్ వలసదారుల సహాయ సంఘాల మధ్య అమెరికా వరకు చెల్లుతుంది, ప్రపంచం మొత్తానికి చెల్లదు. ఎందుకో కింద చెబుతాను.

1650 సెప్టెంబరు 3న స్కాట్లాండ్ తూర్పు తీరంలోని డన్‌బార్ దగ్గర ఆలివర్ క్రామ్‌వెల్ సైన్యం స్కాట్లాండ్ సైన్యాన్ని చిత్తుగా ఓడించింది. వేలాదిగా పట్టుబడిన వారిని దక్షిణానికి నడిపించుకుపోయి, సుమారు 3,000 మందిని ఉత్తర ఇంగ్లండ్‌లోని డరమ్ కెథీడ్రల్ అనే పెద్ద చర్చిలో బంధించారు. ఆకలికీ, విరేచనాలకూ, చలికీ అక్కడ దాదాపు 1,700 మంది చనిపోయారు. 2013లో ఆ కెథీడ్రల్ పక్కన భవనం పనికోసం తవ్వుతుండగా ఎముకలు బయటపడితే, అవి ఆ ఖైదీలవేనని 2015లో డరమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. 2018లో వాటిని ఆ ఊరిలోనే తిరిగి పాతిపెట్టారు. బతికిబట్టకట్టిన వారిలో 150 మందిని 'యూనిటీ' అనే ఓడలో ఎక్కించి బోస్టన్ పంపారు. సరిగ్గా ఏడాదికి, 1651 సెప్టెంబరు 3నే, ఇంగ్లండ్‌లోని వూస్టర్ దగ్గర రెండో ఓటమి జరిగింది. ఆ ఖైదీలలో 272 మంది పేర్లతో 'జాన్ అండ్ సారా' అనే ఓడ వచ్చింది.

వచ్చిన వారిని అమ్మారు. ఈ మాట మెత్తగా చెప్పే ప్రయత్నం నేను చేయను. డబ్బు చెల్లించి కొనుక్కున్న యజమాని దగ్గర నిర్ణీతకాలం పనిచేయాలన్నది ఒప్పందం. సుమారు 60 మందికి బోస్టన్ ఉత్తరాన ఉన్న సాగస్ ఇనుప కర్మాగారంలో వంతు పడింది. మరికొందరు నేటి మెయిన్ రాష్ట్రంలోని బెర్విక్ దగ్గరి రంపపు మిల్లులకు వెళ్లారు. సాగస్ ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం. వెళ్లగలిగితే తప్పక వెళ్లండి. పునర్నిర్మించిన నీటిచక్రాలు తిరుగుతూ ఉంటాయి, నది ఒడ్డున పాత కొలిమి కక్కిన నల్లటి ఇనుప చిట్టెం గుట్టగా ఇంకా పడి ఉంటుంది. ఇనుము కరిగించే నేర్పరులు వేరే ఉండేవారు. స్కాట్లలో చాలామందికి దక్కినది అడవిలో చెట్లు కొట్టి, కొలిమికి కట్టెబొగ్గు కాల్చే పని.

ఎన్నేళ్ల ఒప్పందం అన్నది ఇక్కడ ముఖ్యం. బోస్టన్ మతగురువు జాన్ కాటన్ 1651 జూలైలో క్రామ్‌వెల్‌కు రాసిన ఉత్తరంలో, వీరిని శాశ్వత బానిసలుగా అమ్మలేదనీ, ఆరో ఏడో ఎనిమిదో ఏళ్లకే అమ్మామనీ, స్కర్వీ అనే ఓడప్రయాణపు జబ్బుతో వచ్చిన వారికి వైద్యం చేయించామనీ, ఒక యజమాని వారికి ఇళ్లు కట్టించి వారానికి మూడు రోజులు తన పనికి, నాలుగు రోజులు వారి సొంత పనికి వదిలాడనీ చెప్పాడు. ఆ ఉత్తరం అమూల్యమైన ఆధారమే. అయితే పట్టుకుని పంపిన వాడికి, కొన్న ఊరి పెద్ద రాసిన ఉత్తరమది. ఖైదీ చెప్పిన మాట కాదని గుర్తుంచుకుని చదవాలి. ఆరు నుంచి ఎనిమిదేళ్లు అన్న లెక్కను మాత్రం తీసుకుంటే, 1650 చివరలో దిగిన వారి గడువు 1656కూ 1658కీ మధ్య తీరుతుంది. సంఘం పుట్టినది సరిగ్గా ఆ నడుమనే. చరిత్రకారులు ఈ రెండింటినీ ముడిపెట్టడానికి మూలం ఇదే. ఇది బలమైన అనుమానం. సాక్ష్యం అనిపించుకునేంతటిది కాదు.

గడువు తీరిన మనిషి పరిస్థితి ఊహించండి. చేతిలో డబ్బు లేదు, బంధువు లేడు, ఊరు వెళ్లడానికి ఓడ ఖర్చు లేదు. జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? ఇక్కడే మనం సాధారణంగా గమనించని చట్టపు సంగతి ఒకటి ఉన్నది, నా దృష్టిలో మొత్తం కథకు ఇదే కీలకం. ఇంగ్లండ్‌లో 1601 నాటి పేదల చట్టం ప్రకారం నిస్సహాయులను పోషించే భారం వారి వారి పారిష్‌ది, అంటే ఒక చర్చి పరిధిలోని ఊరిది. ఏ పారిష్ ఖర్చు ఆ పారిష్ భరించాలి కనుక, పరాయి ఊరి పేదవాడు వస్తే పొమ్మనడమే ప్రతి ఊరి పెద్దలకూ లాభం. స్కాట్లాండ్‌లో పుట్టినవాడికి ఇంగ్లండ్‌లో సొంత పారిష్ అంటూ ఉండదు. న్యూ ఇంగ్లండ్ (బోస్టన్ ఉన్న ఈశాన్య అమెరికా ప్రాంతం) పట్టణాలు కూడా ఈ పద్ధతినే తెచ్చుకున్నాయి. కొత్తగా వచ్చినవాడికి ఊరు విడిచిపొమ్మని తాఖీదు ఇచ్చేవారు. 1659 నాటి మాసచూసెట్స్ చట్టం మేరకు అలాంటి తాఖీదు లేకుండా మూడు నెలలు గడిపితేనే ఆ ఊరి మీద హక్కు ఏర్పడేది. తాఖీదు అందిన ప్రతివాడినీ నిజంగా గెంటివేశారని అనుకోకండి; చాలామంది అక్కడే ఉండిపోయారు. కష్టం వచ్చిన రోజున ఊరు బాధ్యత తీసుకోదన్నదే దాని అసలు అర్థం.

కాబట్టి ఆ సంఘం మొదట దానధర్మాల సభ అనడం కంటే, ఊరి లెక్కలోకి రాని వారు తమకు తాము చేసుకున్న ఏర్పాటు అనడం సరైనది. 1657 నాటి తీర్మానం అదే చెబుతుంది. ఒక పెట్టె ఏర్పాటు చేయాలి. చేరేటప్పుడు 12 పెన్నీలకు తగ్గకుండా వేయాలి. ఆపైన మూడు నెలలకొకసారి 6 పెన్నీలు. ఆ డబ్బు "స్కాట్లాండ్ వారమైన మన సహాయానికే", ఇంకా మనం తగునని తలచిన మరే స్కాట్లాండ్ మనిషికైనా అని ఆ వాక్యం సాగుతుంది. మొదట 'మనకు', ఆ తరువాత 'ఇతరులకు' అన్న ఆ వరుసను గమనించండి. 12 పెన్నీలంటే ఒక షిల్లింగు, అప్పటి కూలి మనిషి ఒక రోజు సంపాదనకు మించనిది. బాగా డబ్బున్న వర్తకులు తమలో తాము కలిసి పెట్టుకున్న రుసుములా అది కనిపించదు. దుర్వ్యసనపరులకూ, బహిరంగంగా అపకీర్తి పొందినవారికీ ఇందులో భాగం లేదని కూడా రాసుకున్నారు. ప్యూరిటన్లు అనే కఠిన నియమాల క్రైస్తవుల ఊరిలో, పరాయివాళ్లుగా, పేరు పోగొట్టుకుంటే సంఘమే పోతుందన్న భయం ఆ షరతులో నాకు వినబడుతుంది.

పెట్టె అన్న మాటను అలంకారంగా తీసుకోవద్దు. అది నిజంగానే పెట్టె. స్కాట్లాండ్ రేవు పట్టణాలలో నావికులకూ, ఊళ్లలో చేతిపనుల వారికీ ఇలాంటి పెట్టెలు ముందునుంచీ ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒకటికి మించిన తాళాలు వేసి, తాళంచెవులు వేర్వేరు మనుషుల దగ్గర ఉంచేవారు, అందరూ కూడితే తప్ప మూత తెరుచుకోదు. కోశాధికారిని వారి భాషలో 'బాక్స్‌మాస్టర్' అంటారు, అంటే పెట్టె పెద్ద. బోస్టన్ సంఘం తొలి పెట్టె పెద్దగా రాబర్ట్ పోర్టియస్ అనే అతడిని ఎన్నుకున్నది. వలస వచ్చినవాళ్లు కొత్త సంస్థను కనిపెట్టలేదు. ఇంటి దగ్గర చూసిన దానినే సముద్రం దాటించారు.

ఇప్పుడు ఖైదీల ప్రశ్నకే తిరిగి వద్దాం. సంతకాలు చేసినవారు పాతిక ముప్పై మంది. ఓడల జాబితాలలోనూ ఇక్కడా కలిసే పేర్లు కనిపిస్తాయి కానీ, స్కాట్లాండ్‌లో ఆ కాలంలో మగపిల్లలకు పెట్టే పేర్లే పట్టుమని పదో పదిహేనో. జాన్, జేమ్స్, అలెగ్జాండర్, విలియం, ఇవే తిరిగి తిరిగి వస్తాయి. పేరు కలిసినంత మాత్రాన మనిషి ఒకడే కాడు. ఒకసారి ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చి, తమ మూలపురుషుడు సంఘ స్థాపకుడనీ, స్కాట్లాండ్ ఉత్తరాన కొండప్రాంతమైన హైలాండ్స్ జమీందారు బిడ్డ అనీ చెప్పారు. రెండు వారాలు వెతికితే, అదే పేరుగల మనుషులు ఆ జిల్లాలో అదే కాలంలో ముగ్గురు తేలారు. ఆవిడ పూర్వీకుడని గట్టిగా చెప్పగలిగినవాడు సాగస్ లెక్కల పుస్తకంలో కట్టెలు కొట్టినందుకు పద్దు పడినవాడు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ పద్దుకు నకలు అడిగి తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఖైదీల సంఖ్య, బయటనుంచి తమంతట తాముగా వచ్చి ఓడరేవులో స్థిరపడిన స్కాట్ల సంఖ్య, ఈ రెండూ సంతకాలలో ఎంతెంత కలిశాయో తేల్చడానికి ఇలా ఒక్కొక్క పేరునూ భూమి పత్రాలతోనూ, వీలునామాలతోనూ సరిచూడాలి.

ఇలాంటి కథలు ఎంత సులువుగా గట్టిపడతాయో సాగస్‌లోనే ఒక ఇల్లు చూపిస్తుంది. బోర్డ్‌మన్ హౌస్ అనే పాత చెక్క ఇంటిని చాలాకాలం 1651లో స్కాట్ ఖైదీల కోసం కట్టినదని నమ్మి 'స్కాచ్ హౌస్' అని పిలిచారు. నిశితంగా పరిశీలించాక ఆ ఇల్లు 1692 ప్రాంతానిదని తేలింది. ఖైదీలకు ఆ చుట్టుపక్కల వసతి ఉన్న మాట వాస్తవమే కావచ్చు, ఇప్పుడు నిలబడి ఉన్న ఇల్లు మాత్రం అది కాదు. మరోవైపు, పేర్లు నిజంగా మిగిలిన చోట్లూ ఉన్నాయి: మెయిన్ రాష్ట్రంలోని యార్క్‌లో ఒక ప్రాంతాన్ని ఇప్పటికీ స్కాట్లాండ్ అనే అంటారు.

1657 తరువాత సంఘం సజావుగా సాగలేదు. 1684లో దానిని మళ్లీ కట్టవలసి వచ్చింది. ఈ రెండో పుట్టుకలో బోస్టన్‌లో కుదురుకున్న వర్తకుల చేయి స్పష్టంగా కనబడుతుంది, మీరు చదివిన రెండో వర్ణన ఈ తరం గురించే. అక్కడినుంచి సంఘం స్వభావం నెమ్మదిగా మారింది: ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే మనిషి కాగలిగిన పెట్టె, ఉన్నవాళ్లు లేనివాళ్లకు ఇచ్చే సభగా మారింది. వితంతువులకు, ఓడ పగిలి దిక్కులేక మిగిలిన నావికులకు, జబ్బుపడినవారికి, కట్టెలకూ అద్దెకూ, శవ సంస్కారానికీ సాయం చేయడం ఇలాంటి స్కాట్ సంఘాలన్నిటిలో కనిపించే పనులే. బోస్టన్ దగ్గరి మౌంట్ ఆబర్న్ శ్మశానంలో సంఘానికి సొంత స్థలం ఉండడం వెనుక ఉన్నది కూడా ఆ చివరి భయమే. పరాయి నేలలో అనాథ శవంగా పోకూడదన్నది పేదవాడి మొదటి కోరిక.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చినప్పుడు సభ్యులలో రాజుపక్షం వారు ఎక్కువమందే ఉన్నారు. 1776 మార్చిలో బ్రిటిష్ సైన్యం బోస్టన్‌ను ఖాళీ చేసినప్పుడు వారితోపాటు సంఘం పుస్తకాలు కూడా కెనడాలోని హాలిఫాక్స్‌కు తరలిపోయాయి. శాంతి కుదిరాక అవి తిరిగి వచ్చాయి. 1786లో మాసచూసెట్స్ శాసనసభ సంఘానికి చట్టబద్ధ గుర్తింపు ఇచ్చింది. పద్దు పుస్తకాన్ని కాందిశీకుడిలా ఓడ ఎక్కించి, మళ్లీ దించుకున్న సంఘాలు ఎన్ని ఉంటాయి? ఆ పుస్తకాలు అలా తిరిగి రాకపోయి ఉంటే మనం ఈ చర్చ చేయగలిగేవాళ్లమే కాదు. ఈనాడు సంఘం స్కాట్ సంతతి విద్యార్థులకు కళాశాల ఉపకారవేతనాలు ఇస్తున్నది; పాత పత్రాలు బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ దగ్గర ఉన్నాయి.

"అతి పాతది" అన్న మాట గురించి. ఇక్కడ మూడు సంస్థలు మూడు రకాలుగా ఆ బిరుదును వాడుకుంటాయి, మూడూ తమతమ అర్థంలో సరైనవే. 1603లో స్కాట్లాండ్ రాజు ఆరవ జేమ్స్ ఇంగ్లండ్‌కు కూడా రాజు కావడంతో అతడి వెనుక వేలమంది లండన్ చేరారు. వారికోసం 1611 ప్రాంతంలోనే అక్కడ ఒక స్కాట్స్ పెట్టె ఉండేది. రెండో చార్లెస్ 1665లో దానికి రాజశాసనం ఇచ్చాడు. అదే ఏడాది లండన్‌ను ప్లేగు ఊడ్చివేసినప్పుడు ఆ సంస్థ తన డబ్బుతో సుమారు 300 మంది స్కాట్లను పూడ్చిపెట్టింది. రాయల్ స్కాటిష్ కార్పొరేషన్ అన్న పేరు మీదుగా అది నేడు స్కాట్స్‌కేర్ అన్న పేరుతో నడుస్తున్నది. కనుక స్కాట్ వలసదారుల పెట్టెలలో లండన్‌దే ముందు. అమెరికా ఖండాలలో బోస్టన్‌ది ముందు. స్కాట్లాండ్ రక్షక సాధువు 'సెయింట్ ఆండ్రూ' పేరు పెట్టుకున్న సంఘాలలో దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో 1729లో పెట్టిన సంఘం ముందు.

చార్ల్‌స్టన్ వారి గురించి ఒక మాట అదనంగా చెప్పాలి, మీ సహాయనిధికి నేరుగా సంబంధించినది కాబట్టి. ఆ సంఘం నియమాలలో, కష్టంలో ఉన్న మనిషి ఏ జాతివాడైనా ఏ వృత్తివాడైనా సాయం చేయాలని రాసుకున్నారు. బోస్టన్ పెట్టె 'మనకూ మనవారికీ' అంటే, చార్ల్‌స్టన్ సంఘం తలుపు తెరిచి ఉంచింది. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ అదే సంఘం కట్టుకున్న సెయింట్ ఆండ్రూస్ హాలులోనే 1860 డిసెంబరు 20న దక్షిణ కరొలైనా రాష్ట్రం బానిసత్వాన్ని కాపాడుకోవడం కోసం అమెరికా నుంచి విడిపోతున్నట్టు ఓటు వేసింది. ఏడాది తిరగకుండానే, 1861 డిసెంబరులో, ఊరిని కాల్చిన మంటలలో ఆ హాలు బూడిదైంది. నియమావళిలో రాసుకున్న 'ఏ మనిషైనా' అన్న మాటలోకి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది ఆ భవనం చరిత్రతో కలిపి చదివితేనే తెలుస్తుంది. ఫిలడెల్ఫియా, న్యూయార్క్ సంఘాలు తరువాతివి. న్యూయార్క్‌ది 1756లో మొదలైంది, దాని తొలి అధ్యక్షుడు ఫిలిప్ లివింగ్‌స్టన్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఒకడు. డన్‌బార్ ఖైదీల కాలానికీ దీనికీ నూరేళ్ల దూరం.

చివరగా తేదీ గురించి ఒక హెచ్చరిక. తీర్మానం మీద ఉన్న తేదీ 1657 జనవరి 6. ఇంగ్లండ్‌లోనూ దాని వలసలలోనూ 1752 వరకు చట్టరీత్యా కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. ఆ పద్ధతిలో లెక్కించి రాసిన తేదీ అయితే, మన క్యాలెండరులో అది 1658 జనవరి అవుతుంది. కొందరు రాసేవారు జనవరి నుంచే లెక్కించేవారు కూడా, అందుకే ఇది ఒక్క మాటతో తెగే సంగతి కాదు. సంఘం తన పుట్టిన ఏడాదిని 1657 అనే చెప్పుకుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక ప్రదర్శన కోసం వేరే పత్రానికి ఫలకం రాస్తూ ఫిబ్రవరి తేదీని ఉన్నదున్నట్టు ఎక్కించాను. తల్లి పెళ్లి కంటే పది నెలల ముందే బిడ్డ పుట్టినట్టు తేలింది. దానిని పట్టుకున్నది మా అధికారులెవరూ కారు, బడిపిల్లలను తీసుకువచ్చిన ఒక ఉపాధ్యాయుడు. ఫలకం మార్చే వరకు మూడు రోజులు నేను ఆ గదిలోకి వెళ్లలేదు.

మీ పుటలో రాయదలిస్తే నేనైతే ఇలా రాస్తాను: "1657 తేదీతో ఉన్న తీర్మానం మేరకు బోస్టన్‌లోని కొద్దిమంది స్కాట్లాండ్ వలసదారులు తమ అవసరాలకు ఒక పెట్టె పెట్టుకున్నారు, ఏడేళ్ల ముందు అమ్ముడుపోయి వచ్చిన యుద్ధఖైదీలు వారిలో ఉండి ఉండవచ్చు, 1684లో వర్తకులు దానిని తిరిగి నిలబెట్టారు." 'ఉండి ఉండవచ్చు' అన్న మాటను సంచిక సంపాదకులు కొట్టివేయకుండా చూసుకోండి. తీర్మానం మూలప్రతి ఛాయాచిత్రం కావాలంటే పాత పత్రాలున్న ఆ న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ గ్రంథాలయం ప్రత్యేక సేకరణల విభాగానికి ముందుగా రాసి అనుమతి అడగాలి; పాత చేతిరాతకు తోడు స్కాట్ వర్ణక్రమం కూడా కలిసి ఉంటుంది కనుక, అచ్చులో వచ్చిన పాఠాన్ని పక్కన పెట్టుకుని చదవడం మంచిది.